ఎలుక మీట నొక్కింది సరే, ఆ బోనులో ఇంకేముంది?

ఓరియో బిస్కెట్టు కొకైన్‌తో సమానమట. ఎలుకల మీద పరీక్ష చేసి మరీ తేల్చారట.

ఈ వార్త పుట్టింది 2013లో. ఇన్నేళ్లయినా చావలేదు, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఎవరో ఒకరు పంపిస్తూనే ఉంటారు. దాచడం ఎందుకు, అప్పట్లో నేనూ నమ్మాను, నలుగురికి పంపాను కూడా. ఆ ఎలుకలతో అసలు ఏం చేయించారో చాలా కాలం తర్వాత చదివి సిగ్గుపడ్డాను.

అది అమెరికాలోని కనెటికట్ కాలేజీలో ఒక ప్రొఫెసరు, ఆయన విద్యార్థులు చేసిన పని. చిన్న దారి ఒకటి కట్టారు. ఒక కొసన ఓరియోలు, ఇంకో కొసన రైస్ కేకులు. రైస్ కేకు అంటే ఉప్పూ తీపీ లేని చప్పటి అట్టముక్క అనుకోండి. ఎలుకలకి రెండు వైపులూ అలవాటయ్యాక, ఇష్టమొచ్చిన చోట తిరగనిచ్చి, ఎటు ఎక్కువసేపు ఉంటున్నాయో చూశారు. ఓరియో వైపే ఉన్నాయి. ఉండవా మరి! ఇంకో గుంపు ఎలుకలకి ఒక వైపు కొకైన్ గానీ మార్ఫిన్ గానీ ఇంజెక్షన్ ఇచ్చారు, రెండో వైపు ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్. అవి మత్తుమందు వైపు ఉన్నాయి. ఈ గుంపు మత్తుమందు వైపు గడిపిన సమయం, ఆ గుంపు ఓరియో వైపు గడిపిన సమయం దాదాపు ఒకేలా వచ్చాయి. వార్తకి ఆధారం ముఖ్యంగా ఇదే.

గమనించారా? ఓరియోని కొకైన్‌తో ఎవరూ పోటీకి పెట్టలేదు. ఓరియో పోటీపడింది రైస్ కేకుతో. కొకైన్ పోటీపడింది ఉప్పునీటితో. ఒకడు వాళ్ల వీధి పందెంలో గెలిచాడు, ఇంకొకడు దేశం పోటీల్లో గెలిచాడు, ఇద్దరూ మొదటే వచ్చారు కాబట్టి ఇద్దరి పరుగూ సమానం అన్నట్టుంది ఈ లెక్క. ఓరియో తిన్న ఎలుకల మెదడులో, మనం సుఖం అనుకునే దానితో సంబంధం ఉన్న చోట, ఎక్కువ కణాలు చురుకయ్యాయని కూడా చెప్పారు. అయి ఉండొచ్చు. అంతమాత్రాన బిస్కెట్టు కొకైన్ అయిపోదు.

ఇప్పుడు నేను చెప్పబోయే ప్రయోగాలన్నిటికీ ఇదే ప్రశ్న వేస్తాను. ఎలుక ఏం ఎంచుకుందో తర్వాత చూద్దాం. ముందు దాని ఎదురుగా ఏమేం పెట్టారు?

కథ 1954లో మొదలవుతుంది. కెనడాలో, మాంట్రియల్, మెక్‌గిల్ యూనివర్సిటీ. జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులోకి సన్నని తీగ దింపి చిన్నపాటి కరెంటు ఇస్తున్నారు. ఒక ఎలుకలో తీగ అనుకున్న చోటికి కాకుండా పక్కకి పోయింది. ఆ ఎలుక, కరెంటు ఇచ్చిన మూల ఉందే, అక్కడికే మళ్లీ మళ్లీ రావడం మొదలుపెట్టింది. సరే, మీట నొక్కితే కరెంటు దానంతట అది వచ్చేలా అమర్చి ఇస్తే, గంటకి వందల సార్లు నొక్కింది. తీగ ఇంకా సరైన చోట పడిన ఎలుకలు గంటకి వేల సార్లు నొక్కాయి. గురి తప్పిన తీగ వల్ల ఒక శాస్త్రమే పుట్టింది.

ఆ తర్వాత, 1960ల మొదట్లో, కరెంటు బదులు ఎలుక నరంలోకి, అంటే రక్తనాళంలోకి, సన్నని గొట్టం పెట్టి, మీట నొక్కితే మార్ఫిన్ బొట్టు లోపలికి వెళ్లేలా చేశారు. వ్యసనం మీద ఎలుకలతో చేసే పనికి ఇప్పటికీ ఇదే పునాది. ఎలుక, మీట, గొట్టం.

1985లో ఈ పద్ధతితోనే ఒక భయంకరమైన ఫలితం వచ్చింది. ఒక గుంపు ఎలుకలకి కొకైన్, ఇంకో గుంపుకి హెరాయిన్, పగలూ రాత్రీ ఎంత కావాలంటే అంత. 30 రోజుల్లో హెరాయిన్ గుంపులో 36 శాతం చచ్చిపోయాయి. కొకైన్ గుంపులో 90 శాతం. తిండి మానేశాయి, ఒంటిని శుభ్రం చేసుకోవడం మానేశాయి, మీట మాత్రం నొక్కుతూనే ఉన్నాయి. ఆ రోజుల్లో అమెరికా టీవీలో కొకైన్ ఎలుక ప్రకటన ఒకటి వచ్చేది. పదింట తొమ్మిది ఎలుకలు చచ్చేదాకా తీసుకుంటాయని చెప్పి జనాన్ని హడలగొట్టింది.

భయపడాల్సిందే, కాదనను. కానీ నా ప్రశ్న వేసుకోండి. ఆ బోనులో ఇంకేముంది? ఒంటరి ఎలుక. ఇనుప చువ్వలు. ఆడుకోవడానికి ఏమీ లేదు, తోడు లేదు. చేయడానికి ఉన్న ఒకే ఒక్క పని ఆ మీట నొక్కడం. ఒక మనిషిని అలాంటి గదిలో నెల రోజులు పెట్టి, చేతికి ఒక మీట ఇస్తే ఏమవుతుందో మనం పరీక్షించం. పరీక్షించకూడదు కూడా.

ఈ ప్రశ్న కెనడాలోనే సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో ఉన్న బ్రూస్ అలెగ్జాండర్‌కి అప్పటికే వచ్చింది. 1970ల చివర్లో ఆయన ఎలుకల కోసం పెద్ద ఇల్లు కట్టించాడు. మామూలు బోను కన్నా దాదాపు 200 రెట్లు పెద్దది. దాక్కోవడానికి డబ్బాలు, గూడు కట్టుకోవడానికి చెక్క పొట్టు, ఆడా మగా కలిసి, పిల్లల్ని కని, గంపెడు సంసారం. దానికి పెట్టిన పేరు రాట్ పార్క్. అక్కడా, ఒంటరి బోనుల్లోనూ, మామూలు నీళ్లతో పాటు మార్ఫిన్ కలిపిన నీళ్లు పెట్టారు. మార్ఫిన్ చేదు కాబట్టి పంచదార వేశారు. ఒంటరి ఎలుకలు మార్ఫిన్ నీళ్లు బాగా తాగాయి. పార్కు ఎలుకలు పెద్దగా పట్టించుకోలేదు. ఒక దశలో తేడా 19 రెట్ల దాకా వెళ్లింది.

ఈ కథ మీరు వినే ఉంటారు. "వ్యసనమంటే మందు కాదు, ఒంటరితనం" అని దీన్ని ఒక మంత్రంలా చెప్తారు. నాకు అక్కడే కాస్త చిరాకు. ఎందుకంటే చెప్పేవాళ్లు రెండో సగం మింగేస్తారు. 1996లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ఎలుకల జాతి మారడం వల్లేమోనని అనుకున్నారు. పైగా చేదు నీళ్లు తాగడం వేరు, నరంలోకి నేరుగా వెళ్లడం వేరు. అలెగ్జాండర్ ప్రశ్న గొప్పది. ఆయన జవాబు ఒక్కటే సరిపోదు.

జవాబు కోసం ఫ్రాన్స్ వెళ్దాం. బోర్డో నగరం, 2007, సెర్జ్ అహ్మద్ బృందం. వీళ్లు చేసింది వినడానికి మామూలుగా ఉంటుంది, కానీ అప్పటిదాకా చాలామంది చేయనిది. రెండు మీటలు పెట్టారు. ఒకటి నొక్కితే నరంలోకి కొకైన్. రెండోది నొక్కితే శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు, కొన్ని సెకన్ల పాటు. ఒకటి నొక్కగానే రెండూ వెనక్కి పోతాయి, అంటే రెండూ కావాలంటే కుదరదు. 94 శాతం ఎలుకలు తీపి వైపే మొగ్గాయి. శాకరిన్‌లో కేలరీలు కూడా లేవు, ఉన్నదల్లా తీపే. కొకైన్ మోతాదు పెంచి చూశారు, అంతకు ముందే కొకైన్‌కి బాగా అలవాటుపడి రోజురోజుకీ ఎక్కువ తీసుకుంటున్న ఎలుకలతోనూ చేసి చూశారు. మొగ్గు మారలేదు.

పత్రికలు ఊరుకుంటాయా? తీపి కొకైన్ కన్నా ప్రమాదం అని రాసేశాయి. నాకు అందులో కనిపించింది వేరు. 1985 ఎలుకలు చచ్చేదాకా నొక్కిన మీటని, పక్కన ఇంకోటి పెట్టేసరికి చాలా ఎలుకలు తేలిగ్గా వదిలేశాయి. కొన్ని వదల్లేదు. ఆ కొన్నిటి సంగతికి వస్తాను.

దీనికి తర్వాతి మెట్టు 2018లో. అమెరికా ప్రభుత్వానికి మాదకద్రవ్యాల వ్యసనం మీద ఒక పరిశోధన సంస్థ ఉంది, అక్కడ మార్కో వెన్నిరో, యావిన్ షాహం. వీళ్లు రెండో మీటకి తీపి బదులు ఒక తలుపు తగిలించారు. మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, అవతల ఇంకో ఎలుక. కాసేపు కలిసి ఉండొచ్చు. మొదటి మీటకి మెథాంఫెటమైన్ అనే మత్తుమందు గానీ హెరాయిన్ గానీ. ఎలుకలు దాదాపు అన్నీ తలుపు మీటే నొక్కాయి. రాట్ పార్క్ లాగా ఊరికే గుంపులో పడేయడం కాదు, ఇక్కడ ఎలుక తనంతట తాను తోడు కోరి నొక్కుతోంది.

అయితే తలుపు మీట నొక్కాక తోటి ఎలుక దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చేస్తే? లేదా దానికి చిన్న షాక్ జోడిస్తే? అప్పుడు మళ్లీ మత్తు మీటకే వెళ్లాయి. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు ఆ మిగిలిన కొన్ని ఎలుకలు. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే, ఎందుకో తెలీదు, దీని గురించి ఎవరూ వీడియోలు చేయరు. 2004, మళ్లీ బోర్డో, వెరోనిక్ దెరోష్-గామొనే, పియాజ్జా. ఎలుకలకి మూడు నెలల పాటు కొకైన్ అలవాటు చేశారు. తర్వాత డాక్టరు మనిషిని అడిగే ప్రశ్నల్ని ఎలుకకి అర్థమయ్యే భాషలోకి మార్చారు. ఇప్పుడు మందు దొరకదని లైటు వెలిగించి చెప్పినా అడుగుతూనే ఉందా? ఒక్క మోతాదు కోసం ఎంత చాకిరీ చేయడానికైనా సిద్ధమేనా? మందుతో పాటు కాళ్లకి షాక్ తగులుతుందని తెలిసినా తీసుకుంటుందా?

ఈ మూడింటికీ అవునన్నవి 17 శాతం. ఒక్కదానికీ లొంగనివి 41 శాతం. కొకైన్ వాడిన మనుషుల్లో వ్యసనంలో కూరుకుపోయే వాళ్ల శాతం కూడా ఇంచుమించు ఆ దగ్గర్లోనే ఉంటుంది.

విడ్డూరం ఏమిటంటే, మామూలు రోజుల్లో ఈ 17 శాతం ఎలుకలు మిగతా వాటికన్నా ఎక్కువేమీ తీసుకోలేదు. అన్నీ ఒకే రకం బోనుల్లో పెరిగాయి, ఒకే మోతాదు, ఒకే కాలం. రోజూ ఎంత తీసుకుంటోందో చూస్తే ఏది చిక్కుకుందో చెప్పలేం. దొరకనప్పుడు ఏం చేస్తుందో, దెబ్బ తగిలినప్పుడు ఏం చేస్తుందో చూస్తేనే బయటపడుతుంది. కాబట్టి "అంతా పరిస్థితుల వల్లే" అనేవాళ్లకి కూడా ఈ ఎలుకలు అడ్డం తగులుతాయి. బోనూ ముఖ్యమే, లోపలున్న ఎలుకా ముఖ్యమే.

సరే, తిండికి వద్దాం. మీలో సగం మంది కొకైన్ కోసం కాదు, రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఎందుకు నిలబడుతున్నారో తెలుసుకోవడానికే ఈ వీడియో తెరిచారని నాకు తెలుసు.

2010లో ఫ్లోరిడాలో పాల్ జాన్సన్, పాల్ కెన్నీ ఎలుకలకి బేకన్, సాసేజ్, చీజ్‌కేక్, చాక్లెట్ పెట్టారు. ఒక గుంపుకి రోజుకి గంట. ఇంకో గుంపుకి దాదాపు రోజంతా. రోజంతా దొరికిన ఎలుకలు పీకల దాకా తిని బాగా లావెక్కాయి. లైటు వెలిగితే షాక్ వస్తుందని నేర్పారు. మామూలు ఎలుకలు లైటు చూడగానే తిండి వదిలేశాయి. లావెక్కినవి లైటు వెలుగుతున్నా తింటూనే ఉన్నాయి. చివరికి ఈ తిండి తీసేసి మామూలు ఎలుక మేత పెడితే, ముట్టుకోవడానికే చాలా రోజులు మొరాయించాయి.

వీళ్లు ఓల్డ్స్ తీగని కూడా వాడారు. మెదడులో అలాంటి చోటే కరెంటు. లావెక్కేకొద్దీ ఎలుకకి తృప్తి కలగాలంటే కరెంటు ఎక్కువ కావాల్సి వచ్చింది. డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే ఒక రసాయనం. డోపమైన్‌ని అందుకునే డీ2 అనే రిసెప్టర్లు, అంటే ఆ రసాయనం వచ్చి అతుక్కునే చోట్లు, తగ్గాయి. కొకైన్, హెరాయిన్ వాడకంలో చూసినదీ ఇలాంటిదే.

అంటే తిండి కూడా మత్తుమందేనా? ఇక్కడ పంచదార ఎలుకల్ని చూడాలి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో బార్ట్ హోబెల్, నికోల్ అవీనా వాళ్ల పని. వాళ్ల ఎలుకలు పంచదార నీళ్లు గబగబా తాగేవి. నల్లమందు లాంటి వాటికి విరుగుడుగా ఇచ్చే నాలాక్సోన్ ఎక్కిస్తే పళ్లు కటకటలాడేవి, ముందు కాళ్లు వణికేవి. నల్లమందు మానేసినప్పుడు కనపడే లక్షణాలు! పంచదార మానండి అని చెప్పే ప్రతి వీడియోలో ఈ ఎలుకలుంటాయి.

కానీ వాటికి పంచదార ఎలా పెట్టారు? రోజుకి 12 గంటలు తిండే లేదు. తర్వాత 12 గంటలు మేతా, పంచదారా. పంచదార రోజంతా అందుబాటులో ఉన్న ఎలుకల్లో ఈ తీరు కనపడలేదు. అంటే తప్పంతా పంచదారది కాదు. ఆకలితో మాడ్చి, ఒక్కసారిగా పెట్టిన పద్ధతిది కూడా.

దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లింది మేరీ బొజానో బృందం, అమెరికాలో అలబామా యూనివర్సిటీ, 2002. వాళ్లు ఎలుకలకి పెట్టిన రుచికరమైన తిండి ఏంటో తెలుసా? ఓరియో. అదే బిస్కెట్టు! వార్తలకెక్కిన దానికన్నా పదకొండేళ్ల ముందు, అంతకన్నా ఎన్నో రెట్లు మంచి ప్రయోగం, పట్టించుకున్న వాళ్లు తక్కువ. నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి తిండి తగ్గించడం, మళ్లీ బాగా పెట్టడం, మళ్లీ తగ్గించడం. మనం డైటింగ్ అనేదే. ఒక గుంపుకి డైటింగ్ లేదు, పాదాలకి చిన్న షాక్ ఇచ్చి టెన్షన్ పెట్టారు. ఒక గుంపుకి రెండూ. ఒక గుంపుకి ఏదీ లేదు.

డైటింగ్ ఒక్కటే చేసిన ఎలుకలు ఓరియోల మీద విరుచుకుపడలేదు. టెన్షన్ ఒక్కటే ఉన్నవీ పడలేదు. రెండూ కలిసిన ఎలుకలు కడుపు నిండి ఉన్నా, బరువు మామూలుకి వచ్చేసినా, ఎగబడి తిన్నాయి. తర్వాతి ప్రయోగంలో తేలిందేమిటంటే, ఈ ఎలుకల ముందు చప్పటి మేత ఒక్కటే ఉంటే ఎగబడవు. ఒక్క ముక్క ఓరియో రుచి చూపిస్తే చాలు, ఆ చప్పటి మేతనే ఎగబడి తింటాయి.

నోరు కట్టుకోవడం, మళ్లీ వదిలేయడం, మళ్లీ కట్టుకోవడం, మధ్యలో ఆఫీసులో గొడవ. ఒక్క ముక్కే కదా అనుకుని నోట్లో వేసుకుంటాం. తిండి యావ ఆపుకోలేకపోతున్నానని తనని తాను తిట్టుకునే మనిషికి ఈ ఎలుకలు నా కన్నా బాగా సమాధానం చెప్తాయి.

అలా ఎగబడి తింటున్నప్పుడు రుచి తెలుస్తోందా అంటే, అది వేరే సంగతి. మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్ ఎలుకల మొహాలు చూస్తూ ఏళ్లు గడిపాడు. నాలుక మీద తీపి పడితే ఎలుక పెదాలు నాక్కుంటుంది, పసిపిల్లలు చేసినట్టే. డోపమైన్‌ని దాదాపు పూర్తిగా తీసేసిన ఎలుకలు తమంతట తాము తిండి దగ్గరికే వెళ్లవు, పక్కనే పెట్టినా మాడి చస్తాయి. కానీ నోట్లో తీపి వేస్తే మాత్రం అలాగే నాక్కుంటాయి. నచ్చడం పోలేదు, కావాలనిపించడం పోయింది. బెరిడ్జ్, ఆయన సహచరుడు టెర్రీ రాబిన్సన్ 1993లో చెప్పింది దీనికి తిరగేసిన మాట. వ్యసనంలో కావాలనిపించడం పెరుగుతూ పోతుంది, నచ్చడం మాత్రం అక్కడే ఉండిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. సిగరెట్టు మానలేని వాళ్లని అడిగి చూడండి. ఇష్టమా అంటే చాలామంది కాదంటారు.

ఎలుకలు ఇన్ని చెప్పాయి కదా అని వాటిని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో కూడా చెప్పాలి. రిమోనాబాంట్ అనే మాత్ర ఒకటి వచ్చింది. గంజాయి పనిచేసే రిసెప్టర్లని మూసేస్తుంది. ఎలుకలు తక్కువ తిన్నాయి, సన్నబడ్డాయి, మత్తు కోసం వెతకడం కూడా తగ్గింది. 2006లో యూరప్‌లో ఊబకాయానికి అనుమతి వచ్చింది. మనుషులూ సన్నబడ్డారు. దాంతో పాటు కొందరిలో దిగులు, ఆందోళన, చచ్చిపోవాలనే ఆలోచనలు. 2008లో అమ్మకాలు ఆపేశారు. బోనులో ఎలుక తక్కువ తింటే మనం సంబరపడ్డాం. అది ఎందుకు తక్కువ తింటోందో, దానికి లోపల ఎలా ఉందో చెప్పడానికి ఎలుకకి నోరు లేదు.

మరి ఈ మీటల గోల వల్ల మనుషులకి ఒరిగింది ఏమైనా ఉందా? ఒకటుంది. అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీలో స్టీఫెన్ హిగ్గిన్స్ 1990లలో కొకైన్ మానాలనుకునే వాళ్లకి రెండో మీట పెట్టాడు. వారంలో కొన్నిసార్లు మూత్ర పరీక్ష. కొకైన్ లేకపోతే అక్కడికక్కడే వోచర్. వరసగా శుభ్రంగా ఉంటే వోచర్ విలువ పెరుగుతుంది, ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికి. డబ్బు చేతికివ్వరు, దాంతో పనికొచ్చే వస్తువులో, సేవలో తీసుకోవాలి. 1994లో అచ్చయిన ఆయన అధ్యయనంలో వోచర్లు ఉన్న వాళ్లలో 75 శాతం 24 వారాల చికిత్స పూర్తి చేశారు. వోచర్లు లేకుండా అదే చికిత్స తీసుకున్న వాళ్లలో 40 శాతం. కొకైన్ వ్యసనానికంటూ అనుమతి పొందిన మాత్ర ఇప్పటికీ ఏదీ లేదు. ఉన్నవాటిలో బాగా పనిచేస్తున్నది ఈ పద్ధతే.

తాగుబోతుకి తాగనందుకు డబ్బులిస్తారా అని దీన్ని వెక్కిరించే వాళ్లు చాలామంది. నాకు ఆ వెక్కిరింత కన్నా ఇంకో సంగతి ఎక్కువ పట్టింది. పరీక్ష ఫలితానికీ వోచర్‌కీ మధ్య రోజులు గడిస్తే ఈ పద్ధతి బలం తగ్గిపోతుంది. వోచర్లు పూర్తిగా ఆపేశాక కొందరు మళ్లీ మొదలుపెడతారు. వెన్నిరో బోనులో తోటి ఎలుకని ఆలస్యంగా కలవనిచ్చినప్పుడు ఎలుకలు ఏ మీటకి వెళ్లాయో ఇందాక చెప్పాను కదా.